రీలు లేని గాలం కర్ర: టెన్‌కారా రాడ్‌తో రెండు వసంతాలు

ముందే చెప్పేస్తున్నా, ఇది కొని నాలుగు రోజులు కాకుండానే రాస్తున్న రివ్యూ కాదు. కిందటేడు మార్చిలో కొన్నాను, రెండు వసంతాలు అమెరికాలో కొలరాడో రాష్ట్రం డెన్వర్ చుట్టుపక్కల కొండవాగుల్లో వాడాను, ఒకసారి విరగ్గొట్టాను, బాగు చేసుకుని మళ్ళీ వాడుతున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయను, ఎందుకంటే కింద కాస్త తిట్టాల్సి ఉంది, పైగా ఈ ధరలో దొరికే టెన్‌కారా రాడ్లన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

టెన్‌కారా అంటే తెలియనివాళ్ళకి: జపాన్ కొండ పల్లెల్లో వాగుల్లో చేపలు పట్టి సత్రాలకి అమ్ముకునేవాళ్ళ పద్ధతి ఇది. పొడవాటి కర్ర, దాని కొసకి కట్టిన దారం, దారం చివర ఈకలు చుట్టిన ముల్లు. దారం చుట్టుకునే రీలు ఉండదు. 2009లో హిసావో ఇషిగాకి అనే జపాన్ ప్రొఫెసర్ న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్స్‌కి వచ్చి చూపించాక అమెరికాలో దీనికి గిరాకీ మొదలైంది. నాకైతే యూట్యూబ్‌లో మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. ఇదేం కొత్త, కోనసీమలో పంటకాలువ గట్టు మీద కూర్చుని మేం చేసింది ఇదే కదా! వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండు, ముల్లుకి ఎర్ర (వానపాము) గుచ్చి వేస్తే జెల్లలూ పరిగెలూ పడేవి. దానికి 130 డాలర్లా అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర సమాధానం లేదు, కొనేశాను.

వచ్చిన రాడ్ కార్బన్ ఫైబర్‌ది, ఒకదాంట్లో ఒకటి దూరే ముక్కలు, మడిస్తే 20 అంగుళాలు, తీస్తే 12 అడుగులు. పట్టుకునే చోట కార్క్ పిడి. బరువంటారా, చేతిలో ఉందో లేదో చూసుకోవాలి. కొసన ఎర్రటి అల్లిక తాడు ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది, దాన్ని లిలియన్ అంటారు, దానికే దారం ముడి వేయాలి. దారం విడిగా కొనాలి, నారింజ రంగు ఫ్లోరోకార్బన్, దాదాపు కర్ర పొడవంత. దాని చివర కంటికి సరిగ్గా ఆనని సన్న దారం నాలుగడుగులు, దాన్ని టిప్పెట్ అంటారు. ఈ టిప్పెట్ దళసరిగా ఉండకూడదు, 5ఎక్స్‌ (దారం మందం నంబరు) కంటే లావుది కట్టొద్దని రాడ్‌తో వచ్చిన కాగితంలోనే ఉంది. ఆ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా దానికి.

ఈక ముల్లు విసరడానికి వాడే, రీలుండే మామూలు ఫ్లై రాడ్‌కీ దీనికీ తేడా చేతిలో పట్టుకుంటే గానీ అర్థం కాదు. ఈక ముల్లుకి బరువుండదు, కాబట్టి మామూలు రాడ్‌లో లావుపాటి లైన్ బరువుతోనే దాన్ని విసరాలి. ఆ లైన్ నీళ్ళ మీద పడగానే ప్రవాహం లాక్కుపోతుంది, దాంతో ముల్లు కూడా నీటి వేగాన్ని మించి ఈడ్చుకుపోతుంది. ఇక్కడి కొండవాగుల్లో ఉండే ట్రౌట్ చేప అంత తెలివితక్కువది కాదు, పురుగు అలా పరిగెత్తదని దానికి తెలుసు. టెన్‌కారాలో కర్ర ఎత్తి పట్టుకుంటే దారమంతా గాల్లోనే ఉంటుంది, టిప్పెట్టూ ముల్లూ మాత్రమే నీటిని తాకుతాయి. బండ వెనక నీళ్ళు నెమ్మదించిన జానెడు చోట ముల్లుని నాలుగు సెకన్లు నిలబెట్టొచ్చు. మోరిసన్ నుంచి ఎవర్‌గ్రీన్ దాకా హైవే 74 పక్కనే పారే బేర్ క్రీక్ లాంటి చిన్న వాగుల్లో ఆ నాలుగు సెకన్లే అంతా. నా మొదటి బ్రౌన్ ట్రౌట్ అక్కడే పడింది, తొమ్మిది అంగుళాలుంటుందేమో, పసుపు పొట్ట, ఒంటి మీద ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ తెల్లగా గీసినట్టు గుండ్రం.

ఈ ఏప్రిల్‌లో ఒకరోజు మాత్రం పూర్తిగా రాయాలి. ఎస్టెస్ పార్క్‌లో ఒలింపస్ డ్యామ్ దిగువన, బిగ్ థాంప్సన్ నది. అక్కడ ఎరలు నిషేధం, ఈక ముళ్ళలాంటి కృత్రిమమైనవే వాడాలి, పట్టింది వదిలేయాలి. పొద్దున్నే వెళ్తే ఎండ కాస్తోంది, మూడు గంటలు ఒక్కటీ ముట్టలేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఒంటిగంటకి మబ్బు కమ్మి ముసురు పట్టింది, కాసేపటికి అది మంచు తుంపరగా మారింది, ఇంక కారెక్కుదాం అనుకుంటుంటే నీళ్ళ మీద బూడిదరంగు రెక్కలు నిలబెట్టుకుని చీమంత పురుగులు తేలుతూ వస్తున్నాయి. బ్లూ వింగ్డ్ ఆలివ్ అంటారు వీటిని. ముసురు పట్టిన మధ్యాహ్నాలే వీటికి ఇష్టం, అందుకే వసంతంలో ఇక్కడ ఫ్లై ఫిషింగ్ వాళ్ళు ఎండ కోసం కాదు, మబ్బు కోసం వాతావరణ యాప్ చూస్తారు. రెండు నిమిషాల్లో నది అంతా చిన్న చిన్న సుడులు, ట్రౌట్లు మూతి పైకెత్తి ఒక్కో పురుగునీ చప్పరిస్తున్నాయి. పెట్టెలో వాటంత చిన్నది, 20 సైజు ముల్లు వెతికి, వణికే వేళ్ళతో దాని కన్నంలో టిప్పెట్ దూర్చడానికి ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత గంటలో ఏడు. అన్నీ వదిలేశాను, చేతులు తడుపుకుని, నీళ్ళలోంచి పూర్తిగా తీయకుండానే. రాత్రి ఫోన్లో నాన్నకి చెప్తే, "ఏడు చేపలు పట్టి వట్టి చేతులతో ఇంటికొచ్చావా?" అన్నారు. తర్వాత కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు తిట్లు.

మొదటిది గాలి. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో స్ప్రేగ్ లేక్‌కి తీసుకెళ్ళాను, మంచు కరిగిన కొత్తల్లో. ఆ దారానికి బరువుండదు కదా, ఎదురుగాలి కొడితే ముల్లు తిరిగొచ్చి నా టోపీకే గుచ్చుకుంది. పైగా చేపలు ముప్పై అడుగుల అవతల ఎగురుతుంటే నా కర్రా దారం కలిపినా అక్కడిదాకా అందదు. పక్కన ఒక పెద్దాయన మామూలు రాడ్‌తో హాయిగా విసురుతుంటే చూస్తూ కూర్చున్నాను. సరస్సుల కోసం అయితే దీన్ని కొనకండి, దండగ.

రెండోది పెద్ద చేప. రీలు లేదు కాబట్టి దారం వదలడం అనేది ఉండదు, చేప పరిగెడితే మనం కూడా దాని వెనకే పరిగెత్తాలి. పదహారు అంగుళాల రెయిన్‌బో ట్రౌట్ ఒకటి తగిలి దిగువకి లాగింది, నేను బండల మీద పడుతూ లేస్తూ వెనకాలే వెళ్ళి, మోకాలు చెక్కుకుపోయి, చివరికి టిప్పెట్ తెగింది. తెగడమే మంచిది నిజానికి. ఆ టిప్పెట్ సన్నగా ఉండమనేది అందుకే, కర్ర విరక్కముందు అది తెగాలి.

ఆ సంగతి తెలిసి కూడా నేను విరగ్గొట్టాను. ముల్లు విల్లో చెట్టు కొమ్మకి చిక్కుకుంటే దారం చేత్తో పట్టుకుని లాగాలి, నేను కర్రతోనే ఒక్క ఊపు ఊపాను, అగ్గిపుల్ల విరిగినంత చప్పుడు, కొస ముక్క ఠప్. తప్పు నాదే. కానీ స్పేర్ కొస ముక్క కోసం కంపెనీకి రాస్తే మూడు మెయిళ్ళకి ఒక జవాబు, వచ్చిన పార్సెల్లో వేరే మోడల్ ముక్క, సరైనది చేతికొచ్చేసరికి మే సగం అయిపోయింది. మే సగం అంటే ఇక్కడ సీజన్ పోయినట్టే, కొండల మీద మంచు కరిగి నదులన్నీ చాక్లెట్ రంగులో ఉరకలేస్తుంటాయి, జూన్ చివరిదాకా దిగడం కుదరదు. కాబట్టి కొనేటప్పుడే స్పేర్ ముక్క కూడా కొనేయండి.

ముక్కలు బిగుసుకుపోవడం ఇంకో తలనొప్పి. తడి రాడ్ అలాగే మడిచి పెడితే మర్నాడు ఊడి రాదు. ఇంటికొచ్చాక అడుగు మూత విప్పి, ముక్కలన్నీ బయటికి తీసి ఆరబెట్టాల్సిందే.

ఈక ముళ్ళు డబ్బాలో ఆరు ఇచ్చారు, కేబరి అంటారు, ఈకలు ముందుకి వాలి ఉంటాయి, లాగినప్పుడల్లా తెరుచుకుని మూసుకుంటూ ప్రాణమున్నట్టు కదులుతాయి. మూడు చెట్లెక్కాయి. తర్వాత నేనే కట్టుకోవడం మొదలుపెట్టాను, అదో పిచ్చి. నెమలి ఈక పోగు ముల్లు ఒంటికి చుట్టి, పుంజు మెడ ఈక దాని మెడకి చుట్టడమే. ఇదే కొలరాడోలో డెల్టా అనే ఊళ్ళో వైటింగ్ ఫార్మ్స్ అని, అచ్చంగా ఈకల కోసమే పుంజుల్ని తరతరాలుగా ఎంచి పెంచుతారు. సంక్రాంతికి డేగా కాకీ అని పుంజు ఈక రంగు మీద వాదించుకునే ఊళ్ళో పెరిగినవాడికి ఆ ఈకల ప్యాకెట్లు చూస్తే షాపులోంచి కదలబుద్ధి కాదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి రెండు మాటలు. లైసెన్స్ లేకుండా దిగకండి, కొలరాడోలో 16 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ కావాలి. వసంతంలో రెయిన్‌బోలు గుడ్లు పెడతాయి, వాగు అడుగున ఎవరో కడిగినట్టు తెల్లగా మెరిసే గులకరాళ్ళ చోటు కనిపిస్తే అక్కడ అడుగు వేయొద్దు, ఆ చేపల మీద గాలం వేయొద్దు.

నా రేటింగ్: చిన్న వాగులకి ఐదుకి నాలుగున్నర, పెద్ద నదులకి మూడు, సరస్సులకి ఒకటి, కంపెనీ కస్టమర్ సర్వీస్‌కి ఆ ఒకటి కూడా ఎక్కువే. చిన్నప్పుడు కాలువ గట్టున గాలం వేసినవాళ్ళైతే అరగంటలో చేయి తిరుగుతుంది. మామూలు ఫ్లై రాడ్ నుంచి వచ్చినవాళ్ళకే కష్టం, చేతిని ఊరికే ఎక్కువ ఊపుతారు.

అన్నట్టు, రాడ్ కొసన చిన్న రబ్బరు మూత ఉంటుంది, మొదటి రోజే నీళ్ళలో పోతుంది. నాది బేర్ క్రీక్‌లో ఎటో కొట్టుకుపోయింది. వైన్ సీసా బిరడా చెక్కి పెట్టుకున్నాను, అసలుదానికంటే గట్టిగా ఉంది.