ఐరిష్ మూలాలు వెతకాలంటే ఏది మేలు: ప్రభుత్వ సర్టిఫికెట్టా, చర్చి రిజిస్టరా?

ఇంగ్లండులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. "మా ఆయన పూర్వీకులు ఐర్లండు నుంచి వచ్చి ఇక్కడి గనుల్లో పనిచేశారట. పిల్లలకు వంశవృక్షం గీసిద్దామని ఉంది. దేని మీద డబ్బు పెట్టమంటారు?" మా అత్తగారి వైపు వాళ్ళూ అలా వచ్చినవాళ్ళే. పశ్చిమ కంబర్లండులో క్లీటర్ మూర్ అనే ఊళ్ళో ఇనుప ఖనిజం తవ్వారు. 19వ శతాబ్దంలో అక్కడికి ఐరిష్ వాళ్ళు ఎంతగా వచ్చి చేరారంటే, ఆ ఊరికి 'లిటిల్ ఐర్లండ్' అనే పేరే పడిపోయింది.

ముందుగా ఒక మాట. ఓడ ప్రయాణికుల జాబితాల కోసం వెతక్కండి. అమెరికా వెళ్ళినవాళ్ళకైతే అవి దొరుకుతాయి. 1801 నుంచి ఐర్లండు, బ్రిటన్ అప్పట్లో ఒకే రాజ్యం కాబట్టి, ఇటు వచ్చి వైట్‌హేవెన్ రేవులో దిగినవాణ్ణి ఆపి పేరు రాసుకునే పని ఎవరికీ లేకపోయింది.

ఏ కాగితం చేతికొచ్చినా నేను చూసేది ఒక్కటే: ఐర్లండులో ఏ ఊరో చెబుతోందా, లేదా? కౌంటీ పేరు చాలదు. ఆ దేశంలో టౌన్‌ల్యాండ్లే (పల్లెల స్థాయి చిన్న చిన్న భూభాగాలు) 60 వేలకు పైగా ఉన్నాయి. ఒక్కో కౌంటీలో ఒకే పేరున్న పాట్రిక్‌లు, మేరీలు ఎంతమందో లెక్కే లేదు. పోనీ అక్కడి జనాభా లెక్కలు చూద్దామా అంటే, 1821 నుంచి 1851 దాకా తీసినవి 1922లో అంతర్యుద్ధంలో, ప్రభుత్వ రికార్డులు దాచిన డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ భవనాల మంటల్లో దాదాపుగా కాలిపోయాయి. 1861 నుంచి 1891 వరకు తీసిన నాలుగింటినీ ప్రభుత్వమే నాశనం చేసింది. దేశం మొత్తానికి పూర్తిగా మిగిలినవి 1901తోనే మొదలవుతాయి. 1840ల మహా కరువు రోజుల్లో ఊరు విడిచినవాళ్ళకు అవి ఏం పనికొస్తాయి?

ఇంగ్లండు సెన్సస్ ఎలాగూ అందరూ చూస్తారు. 1841లో ఐర్లండులో పుట్టినవాళ్ళకు 'ఐ' అని ఒక్క అక్షరం రాసి ఊరుకున్నారు. 1851 నుంచి ఇంగ్లండులో పుట్టినవాళ్ళకు ఊరి పేరు రాశారు గానీ, ఐరిష్ వాళ్ళకు చాలాచోట్ల 'ఐర్లండ్' అనే ఉంటుంది. అయితే పిల్లలు ఎక్కడెక్కడ పుట్టారో వరసగా చూస్తే, కుటుంబం ఏ ఏడు ప్రాంతంలో సముద్రం దాటిందో తెలిసిపోతుంది.

ఇక అసలు పోటీ. ఇంగ్లండులో ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. ఆ కాలపు జనన సర్టిఫికెట్‌లో తండ్రి వృత్తి, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. అప్పటి పెళ్లి సర్టిఫికెట్‌లో ఇద్దరి తండ్రుల పేర్లే, తల్లుల ఊసే ఉండదు. మరణ సర్టిఫికెట్‌లో తల్లిదండ్రులు ఎవరో మామూలుగా ఉండదు. ఐర్లండులో ఏ ఊరన్న గడి వీటిలో ఒక్కదానిలోనూ లేదు. అయినా జనం ఒకదాని తర్వాత ఒకటి కొంటూనే ఉంటారు. తల్లి పుట్టింటి పేరు ఒక్కటే కావాలంటే సర్టిఫికెట్ కొనక్కర్లేదు. ప్రభుత్వ రిజిస్టర్ ఆఫీసు వాళ్ళ ఆన్‌లైన్ సూచికలో ఉచితంగానే కనిపిస్తుంది.

ఇక్కడి క్యాథలిక్ చర్చి రిజిస్టరు తీరు వేరు. జ్ఞానస్నానం నమోదులో తల్లి పుట్టింటి పేరుతో పాటు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి పేర్లు ఉంటాయి. వాళ్ళు చాలాసార్లు అన్నదమ్ములో, వదినలో, ఒకే ఊరి నుంచి కలిసి వచ్చినవాళ్ళో అయి ఉంటారు. పెళ్లి నమోదులో చాలాచోట్ల నలుగురు తల్లిదండ్రుల పేర్లూ దొరుకుతాయి. ఓపికున్న ఫాదర్ అయితే ఐర్లండులో ఏ పారిషో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) కూడా రాసి పెట్టేవాడు. రాత లాటిన్‌లో ఉంటుంది, కంగారు పడకండి. జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు, బ్రిజెట్ బ్రిగిడా అవుతుంది. నాలుగు పేజీలు తిరగేస్తే అలవాటైపోతుంది.

మా అత్తగారి ముత్తవ్వ సంగతే చూడండి. సర్టిఫికెట్‌లో ఆవిడ పుట్టింటి పేరు మెకార్తీ అని ఉంది. చదువు రాక ఇంటూ గుర్తు పెట్టిన మనిషి, గుమాస్తా తనకు వినిపించింది రాసుకున్నాడు. చర్చి పుస్తకంలో మెకార్టన్ అని ఉంది, జ్ఞానతండ్రిదీ అదే ఇంటిపేరు. మెకార్తీలు దక్షిణాన కార్క్, కెర్రీ వైపు వాళ్ళు. మెకార్టన్లు ఉత్తరాన కౌంటీ డౌన్ వాళ్ళు. సర్టిఫికెట్‌నే నమ్ముకుని ఉంటే దేశం ఆ చివర వెతుక్కుంటూ ఉండేవాళ్ళం.

చర్చి దారిలో చిక్కులు లేకపోలేదు. అన్ని రిజిస్టర్లూ ఆన్‌లైన్‌లో లేవు. కొన్ని పారిష్ ఆఫీసులో, కొన్ని డయోసిస్ (బిషప్ పరిధి) ఆర్కైవ్‌లో, కొన్ని కౌంటీ ఆర్కైవ్‌లో ఉంటాయి. ఉత్తరం రాసి, జవాబు కోసం ఎదురుచూడాలి. ఏ ఏడాదో చెప్పకుండా వెతికి పెట్టమంటే ఎవరూ వెతకరు. ఆ ఏడాది తెలుసుకోవడానికైనా ముందు ప్రభుత్వ సూచిక కావాల్సిందే. ఇంకోటి, వచ్చినవాళ్ళంతా క్యాథలిక్కులు కారు. ఉత్తర ఐర్లండు ప్రాంతమైన అల్‌స్టర్ ప్రొటెస్టెంట్లూ ఆ గనుల్లోనే పనిచేశారు. 1884 జులై 12న క్లీటర్ మూర్‌లో ఆరెంజ్ ఆర్డర్ అనే ప్రొటెస్టెంట్ సంఘం సభ జరిగినప్పుడు రెండు వర్గాలు కొట్టుకుని ఒక ప్రాణం కూడా పోయింది. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళని మతం సంగతి ముందే అడిగి పెట్టుకోండి. అక్కడి ప్రొటెస్టెంట్ చర్చి అయిన చర్చ్ ఆఫ్ ఐర్లండ్ రిజిస్టర్లు చాలావరకు 1922 మంటల్లోనే పోయాయి, ఆ దారి కష్టం.

అయినా నా ఓటు చర్చికే. ఎందుకంటే చివరికి అందరూ తేలేది అక్కడే. ఐర్లండులో క్యాథలిక్కుల జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1864లో గానీ మొదలవలేదు. అంతకుముందు పుట్టినవాళ్ళకు పారిష్ పుస్తకాలే గతి. ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015 నుంచి వాటి మైక్రోఫిల్ములను సుమారు 1880 దాకా ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. పారిష్ పేరు తెలిసినవాడికి అది నిధి, తెలియనివాడికి కళ్ళు నొప్పులు.

సర్టిఫికెట్ చర్చిని ఓడించేది ఒక్కచోట, స్కాట్లండులో. గని పనివాళ్ళు చాలామంది ముందు లానార్క్‌షైర్ వెళ్ళి, తర్వాత ఇంగ్లండుకు దిగారు. సెన్సస్‌లో ఒక్క బిడ్డ స్కాట్లండులో పుట్టినట్టు కనిపించినా వదలకండి. అక్కడి జనన నమోదులో 1855లోనూ, మళ్ళీ 1861 నుంచీ తల్లిదండ్రుల పెళ్లి ఏ తేదీన ఎక్కడ జరిగిందో రాశారు. పెళ్లి ఐర్లండులో అయి ఉంటే ఊరి పేరు చేతికొచ్చినట్టే. మీ ఇంటి పిల్లవాడు మధ్యలో 1858లో పుట్టి ఉంటే మాత్రం మీ దురదృష్టం.

డీఎన్ఏ కిట్ బంధువులను చూపిస్తుంది, ఊరిని చూపించదు. ఆ బంధువులు వాళ్ళ ఊరు రాసి పెట్టుకుని ఉంటే మంచిదే. గని ప్రమాదంలో పోయినవాళ్ళు ఉంటే స్థానిక పత్రికల్లో ఇన్‌క్వెస్ట్ (మరణ విచారణ) వార్త చూడండి. 1847 నుంచి 1864 దాకా ఐర్లండులో పన్ను కోసం జరిగిన గ్రిఫిత్ భూముల మదింపు కూడా ఆన్‌లైన్‌లో ఉచితమే. కానీ అందులో ఉండేది ఇల్లో పొలమో పేరున ఉన్న కుటుంబ పెద్ద ఒక్కడే. కరువులో అన్నీ వదులుకుని వెళ్ళిపోయినవాళ్ళు అందులో ఉండకపోవచ్చు, వాళ్ళ అన్నో చిన్నాన్నో ఉంటారేమో చూసుకోవాలి.