నడక కోసం కరెంటు చికిత్స: రెండేళ్ళకు పైగా వాడాక మా అభిప్రాయం

మా అబ్బాయికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు దెబ్బతినే జబ్బు. ఎడమ వైపు చెయ్యీ కాలూ బిగుసుకుని ఉంటాయి. తనంతట తానే నడుస్తాడు గానీ, అడుగు తీసేటప్పుడు ఎడమ పాదం ముందు భాగం పైకి లేవదు. వేళ్ళు నేలకు రాసుకుని తట్టుకుంటాడు. అందుకే ఎఫ్‌ఈఎస్ (ఫంక్షనల్ ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్) పరికరం, అంటే సన్నటి కరెంటుతో కండరాన్ని పనిచేయించేది, మొదలుపెట్టాం. ఆన్‌లో ఉన్నంతసేపూ ఇది నిజంగా పనిచేస్తుంది. తీసేస్తే చాలావరకు పాత నడకే. ఈ రెండో సంగతి తెలిసి మొదలుపెడితే నిరాశ ఉండదు.

మోకాలి కింద కట్టే పట్టీ, దానికి చిన్న మెషీన్, లోపల రెండు ప్యాడ్లు, అంతే. ఒక ప్యాడ్ మోకాలి కింద బయటి వైపు ఎముక బుడిపె దగ్గర, నరం మీద ఉండాలి. రెండోది కాస్త కిందగా, ముందు వైపు కండరం మీద. కాలు లేవగానే సన్నగా కరెంటు వెళ్ళి పాదాన్ని పైకి లాగుతుంది, పాదం నేల మీద ఆనేసరికి ఆగిపోతుంది. ఈ జబ్బులో దెబ్బతినేది మెదడు. కాలి నరం బాగానే ఉంటుంది కాబట్టి ఇది సాధ్యం. 1961లోనే లిబర్సన్ అనే డాక్టరు బృందం పక్షవాతం వచ్చినవాళ్ళకి ఈ పద్ధతి వాడి చూపించింది.

అసలు పనంతా ప్యాడ్ల దగ్గరే ఉంది. పై ప్యాడ్ కాస్త వెనక్కి జరిగితే చాలు, పాదం పైకి లేవడం తగ్గి బయటికి తిరిగిపోతుంది. సరైన చోటు దొరికాక ఫిజియోథెరపిస్ట్ చర్మం మీద పెన్నుతో గుర్తు పెట్టారు. మేం దాన్ని ఫోటో తీసుకున్నాం, ఇప్పటికీ అదే చూసి కడతాం. ప్యాడ్ ఎండితే కరెంటు ఒకేచోట గుచ్చినట్టు తగులుతుంది. వాడు "అమ్మా, కుడుతోంది" అంటే ముందు చూసేది ప్యాడ్‌నే. తీశాక చర్మం ఎర్రబడి కాసేపటికి తగ్గితే పర్వాలేదు, తగ్గకపోతే ఆరోజుకి మళ్ళీ కట్టం.

మొదట్లో జివ్వుమంటుంటే ఏడ్చేవాడు. కూర్చోబెట్టి, కరెంటు బాగా తగ్గించి, పాదం దానంతటదే లేవడం చూపిస్తూ కొద్దికొద్దిగా అలవాటు చేశాం. ఇందులో తొందరపడితే పిల్లలు పట్టీని చూస్తేనే భయపడతారు.

కొనేముందు సెన్సర్ గురించి, అంటే కాలు ఎప్పుడు లేచిందో మెషీన్‌కి తెలిపే భాగం గురించి, తప్పకుండా అడగండి. కొన్నిటికి మడమ కింద పెట్టే స్విచ్ ఉంటుంది. మునివేళ్ళ మీద నడిచే పిల్లల మడమ నేలకే ఆనదు, ఇక ఆ స్విచ్ ఎలా పనిచేస్తుంది? మాది కాలు వంపుని పసిగట్టే రకం. నడకకి బాగుంది. అయితే నేల మీద కూర్చుని ఆడుకునేటప్పుడు ఆపకపోతే పాదం ఊరికే ఎగురుతుంది.

పాదం జారిపోకుండా కాలికి తొడిగే ప్లాస్టిక్ స్ప్లింట్ పూర్తిగా మానలేదు. ప్యాడ్లు చర్మానికి పడని రోజుల్లో, బాగా అలసిపోయిన రోజుల్లో అదే దిక్కు. కానీ స్ప్లింట్ మడమ దగ్గర కదలికని కట్టేస్తుంది. ఎఫ్‌ఈఎస్‌తో అయితే పాదాన్ని లేపే కండరం తానే పనిచేస్తుంది, చెప్పులు, బూట్లు కూడా మామూలువే పడతాయి. గతుకుల నేల మీద వాడు ధైర్యంగా నడుస్తుంటే, చెయ్యి పట్టుకోవాలన్న టెన్షన్ నాకు తగ్గింది. నాకైతే ఆ ఒక్కదానికే దీని విలువ తీరిపోయింది.

అందరికీ పనికిరాదు. చేత్తో వంచినా పాదం పైకి రానంతగా పిక్క బిగుసుకుపోతే కరెంటు ఏమీ చేయలేదు. ఎముకలు పెరిగినంత వేగంగా బిగుసుకున్న కండరం సాగదు, అందుకే స్ట్రెచింగ్ రోజూ చేయిస్తూనే ఉన్నాం. ఫిట్స్ వచ్చే పిల్లలైనా, ఒంట్లో పేస్‌మేకర్ లాంటివి ఉన్నా, డాక్టర్‌ని అడగకుండా ప్యాడ్ అంటించనే అంటించకండి. వీలైతే ముందు క్లినిక్‌లో కట్టించి, నడిపించి చూసి, ఆ తర్వాతే కొనండి.