ఏది మేలు: ధారాళంగా చెప్పే ఫిజిక్స్ ప్రొఫెసరా, క్లాసులో లెక్కలు చేయించే ప్రొఫెసరా?

ఒకే కోర్సు ఇద్దరు చెబుతుంటే సీనియర్ల మాటలు దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి. ఒకరి గురించి "అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతారు, నోట్సు రాసుకుంటే చాలు" అంటారు. ఇంకొకరి గురించి "ఆయన చెప్పేదేం లేదు, అన్నీ మనచేతే చేయిస్తారు, మన తిప్పలు మనం పడాల్సిందే" అంటారు. మొదటి సెక్షన్ ముందు నిండిపోతుంది. మొదటి ఏడాది మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం వరకైతే రెండో సెక్షన్‌లో చేరడమే మేలు. ఎందుకో ఒక చిన్న లెక్కలో కనిపిస్తుంది.

కప్పీ మీదుగా తాడు, ఒక కొసకి 2 కిలోలు, మరో కొసకి 3 కిలోలు. కప్పీకీ తాడుకీ బరువు లేదు, రాపిడి లేదు. వదిలేస్తే తాడులో తన్యత, అంటే తాడు లాగే బలం, ఎంత? ధారాళంగా చెప్పే ప్రొఫెసర్ బోర్డు మీద రెండు సమీకరణాలు రాసి, కూడి, త్వరణం సెకనుకి సెకనుకి 1.96 మీటర్లు, తన్యత 23.52 న్యూటన్లు అని నాలుగు నిమిషాల్లో తేల్చేస్తారు. చూస్తున్నంతసేపూ ప్రతి మెట్టూ సబబుగానే ఉంటుంది. చేయించే ప్రొఫెసర్ సమీకరణాల జోలికి పోకుండా "తన్యత ఆ 3 కిలోల బరువుకి సమానమా, తక్కువా, ఎక్కువా?" అని అడిగి రెండు నిమిషాలు ఆగుతారు. బరువు తాడుకే వేలాడుతోంది కదా అని చాలామంది "సమానం, 3 × 9.8, అంటే 29.4 న్యూటన్లు" అంటారు. పక్కన కూర్చున్నవాళ్లు "పైకి 29.4, కిందికి 29.4 అయితే అది కిందికెందుకు దిగుతోంది?" అని అడిగినప్పుడు తప్పు బయటపడుతుంది. బోర్డు చూసి రాసుకున్నవాళ్లలో ఆ తప్పు అలాగే ఉండిపోతుంది. పరీక్షలో కప్పీ బదులు లిఫ్ట్ ఇస్తే మళ్లీ అక్కడే బోల్తా పడతారు.

దీన్ని కొలిచి చూసినవాళ్లున్నారు. అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ హేక్ 1998లో 62 ఫిజిక్స్ కోర్సుల్లోని 6,542 మంది ఫలితాలు పోల్చారు. కోర్సుకి ముందు తెలియని దాంట్లో ఎంత భాగం నేర్చుకున్నారన్నది ఆయన లెక్క. లెక్చర్ కోర్సుల్లో సగటున 0.23, విద్యార్థులచేత పని చేయించిన కోర్సుల్లో 0.48 వచ్చింది. అంటే ముందు పరీక్షలో నూటికి 40 తెచ్చుకున్న క్లాసు మొదటి పద్ధతిలో 54 దగ్గర ఆగితే, రెండో పద్ధతిలో 69 దాకా వెళ్తుంది. 2011లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఇంకా సూటిగా తేలింది. విద్యార్థుల దగ్గర మంచి పేరున్న, అనుభవజ్ఞుడైన ప్రొఫెసర్ ఒక సెక్షన్‌కి లెక్చర్ చెప్పారు. పెద్దగా అనుభవం లేకపోయినా చేయించే పద్ధతిలో తర్ఫీదు పొందినవారు మరో సెక్షన్ తీసుకున్నారు. ఒక్క వారం తర్వాత ఒకే పరీక్ష పెడితే సగటు మార్కులు మొదటి సెక్షన్‌లో 41 శాతం, రెండో సెక్షన్‌లో 74 శాతం.

మరి అభిప్రాయాలు ఎందుకు తలకిందులవుతాయి? 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో జరిగిన పరిశీలనలో, చేయించిన క్లాసులో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, కానీ తక్కువ నేర్చుకున్నామని రాశారు. తలబద్దలు కొట్టుకోవడాన్ని "అర్థం కాలేదు" అనుకుంటాం, సాఫీగా విన్నదాన్ని "వచ్చేసింది" అనుకుంటాం. మార్కులు బాగా పడతాయన్న మాట కూడా జాగ్రత్తగా వినాలి. అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థుల్ని సెక్షన్లకి యాదృచ్ఛికంగా కేటాయిస్తారు. అక్కడి కాల్‌క్యులస్ ఫలితాల మీద 2010లో వచ్చిన అధ్యయనంలో, ఆ కోర్సులో మార్కులు బాగా తెప్పించిన ఉపాధ్యాయులకి విద్యార్థుల మెప్పు దక్కింది. వాళ్ల విద్యార్థులే తర్వాతి కోర్సుల్లో వెనకబడ్డారు.

అలాగని చేయించే క్లాసులన్నీ మంచివని కాదు, చెడగొట్టేవాళ్లూ ఉన్నారు. ప్రశ్న మరీ తేలికైతే చర్చ కాలక్షేపమవుతుంది, మరీ కఠినమైతే అందరూ కలిసి ఒకే తప్పు చేస్తారు. ఈ పద్ధతికి పేరు తెచ్చిన హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ క్లాసులో, ప్రశ్న అడగ్గానే ఎవరికి వారు జవాబుకి ఓటేస్తారు. ఆయన లెక్క ప్రకారం, ఆ మొదటి ఓటులో 30 నుంచి 70 శాతం మంది సరైన జవాబు చెబితేనే చర్చ పెట్టాలి. 30 లోపైతే పాఠం మళ్లీ చెప్పాలి, 70 దాటితే ముందుకి సాగిపోవాలి. చివర్లో జవాబు, దాని వెనక కారణం ప్రొఫెసర్ నోటితో చెప్పకపోతే సగం మంది అయోమయంతో బయటికొస్తారు. "ఏమీ చెప్పరు" అన్న ఫిర్యాదు వినగానే కొట్టిపారేయకుండా, చివర తేలుస్తారా లేదా అని అడగండి. తేల్చరంటే ఆ ఫిర్యాదు న్యాయమైనదే.

క్వాంటమ్ మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్ లాంటి పై కోర్సుల్లో మాత్రం తూకం మారుతుంది. మూడు పేజీల డెరివేషన్‌లో సమీకరణంలోని ఏ పదాన్ని (టర్మ్‌ని) ఎందుకు వదిలేశారో, ఆ ఉజ్జాయింపు ఎక్కడ చెల్లదో నోటితో చెబుతూ చాక్‌పీసుతో రాసే మంచి లెక్చరర్ దొరకడం అదృష్టం. అక్కడ చూడాల్సింది బోర్డా, స్లైడా అన్నది. స్లైడ్ మీద పన్నెండు లైన్లు ఒక్కసారి ప్రత్యక్షమవుతాయి, కన్ను చివరి లైనుకి దూకుతుంది. బోర్డు మీదైతే చెప్పేవారి వేగాన్ని చెయ్యి అదుపు చేస్తుంది, రాసుకునేవాళ్లకి ఆలోచించే తీరిక దొరుకుతుంది.

సీనియర్లని "ఎలా చెబుతారు?" అని కాక, వారానికి ఎన్ని లెక్కలు ఇస్తారు, దిద్ది ఎన్నాళ్లకి తిరిగిస్తారు, తప్పు ఎక్కడుందో రాస్తారా, పరీక్షలో క్లాసు లెక్కలే వస్తాయా కొత్తవి ఇస్తారా అని అడగండి. ఇష్టాయిష్టాల ప్రభావం ఈ జవాబుల మీద పెద్దగా పడదు.

సెక్షన్ ఎంచుకునే వీలే లేక లెక్చర్‌లో పడితే, రాత్రి నోట్సు తీసి లెక్క ప్రశ్న మాత్రమే కనిపించేలా మిగతాది కాగితంతో కప్పండి. తర్వాతి లైను సొంతంగా రాసి, కాగితం జరిపి సరిచూసుకోండి. చెయ్యి ఆగిన లైను పక్కన గుర్తు పెట్టి, మర్నాడు ప్రొఫెసర్ దగ్గరికి ఆ ఒక్క లైను పట్టుకెళ్లండి.