డాట్రుబాబు ఎలగున్నాడు: ‘టేల్స్ ఆఫ్ ద సిటీ’ని ఏళ్ళ తరబడి చదివాక

‘టేల్స్ ఆఫ్ ద సిటీ’ నవలల్లో మూడో పుస్తకం మూసేటప్పటికి జాన్ ఫీల్డింగ్ బతికే ఉన్నాడు. నాలుగోది తెరిచేసరికి లేడు. జబ్బు పడడం, ఆసుపత్రి, ఆఖరి మాటలు, ఏవీ మన కళ్ళ ముందు జరగవు. రెండు పుస్తకాల మధ్య ఉన్న ఖాళీలో మనిషి పోయాడు. అతన్ని ప్రేమించిన మైకేల్ తలుచుకుంటున్నప్పుడు మనకి తెలియాలి, అంతే. ఈ సంగతి మీద నాకు చాలా కోపం ఉంది. నేను రాయాలనుకున్నది ముఖ్యంగా ఆ కోపం గురించే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 28 బార్బరీ లేన్ అనే ఇంట్లో ఎవరెవరు అద్దెకుంటారు, కథ ఎలా మొదలవుతుంది అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. అమెరికన్ రచయిత ఆర్మిస్టెడ్ మాపిన్ దీన్ని నవలగా కూర్చుని రాయలేదు. 1976 మేలో శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ అనే దినపత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టాడు. అందుకే అధ్యాయాలు పొట్టిగా ఉంటాయి, దాదాపు అన్నీ మాటలే. ప్రతిదీ సరిగ్గా మనకి ఆత్రం పుట్టే చోట ఆగిపోతుంది. గాజువాకలో బస్సెక్కి మద్దిలపాలెంలో దిగేలోపు నాలుగైదు అయిపోతాయి. నేను ఫోన్‌లోనే చదివాను. మగాళ్ళు మగాళ్ళని ప్రేమించే కథ పుస్తకంగా ఇంట్లో బల్ల మీద పెట్టుకునే పరిస్థితి నాకు లేదు.

సీరియల్ పిచ్చి నాకు అమ్మ నుంచి వచ్చింది. వారపత్రిక రాగానే సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి దాచేది. కథ పూర్తయ్యాక బైండు చేయించేది. ఆ బైండ్లు మా అటక మీద ఇప్పటికీ ఉన్నాయి. ఏ కథలో ఎవరు ఎవరికి అన్యాయం చేశారో అమ్మ ఇప్పటికీ పక్కింటివాళ్ళ గొడవంత ఆవేశంగా చెబుతుంది. వారం వారం కలిసిన మనిషి మీద పెరిగే మమకారం వేరు. ఒక్క రాత్రిలో చదివేసిన నవలలో మనిషి ఎంత గొప్పవాడైనా ఆ చనువు రాదు. మైకేల్‌తో నాకు వచ్చింది ఆ చనువే.

నేను ఒక్కణ్ణే చదివి ఉంటే ఈ సమీక్ష ఇంత పొడుగు ఉండేది కాదు. నా స్నేహితుడొకడు ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేసేవాడు. శ్రీకాకుళం జిల్లా కుర్రాడు. ఇంగ్లీషు చదవడం రాదు. ఆదివారం సాయంత్రం ఇద్దరం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్‌కి కాస్త దూరంగా మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఆ వారం చదివినదంతా నేను వాడికి తెలుగులో చెప్పేవాణ్ణి. మాపిన్ ఆపిన చోటే ఆపేవాణ్ణి. ‘మిగతాది వచ్చేవారం’ అంటే వాడు నా చొక్కా పట్టుకుని లాగేవాడు.

వాడికి మైకేల్ కన్నా జాన్ అంటే ఇష్టం. జాన్ ఆడవాళ్ళ డాక్టరు, గైనకాలజిస్టు. మైకేల్‌కి స్కేటింగ్ రింకులో పరిచయమవుతాడు. వాడు జాన్ పేరు ఎప్పుడూ పలకలేదు, ‘డాట్రుబాబు’ అనేవాడు. మొదటి పుస్తకంలో మైకేల్ అద్దె డబ్బుల కోసం ఒక బార్‌లో చడ్డీతో డాన్సు పోటీకి దిగుతాడు. జాన్ తన డబ్బున్న స్నేహితులతో అక్కడికే వచ్చి, చూసి, ముఖం తిప్పుకుని వెళ్ళిపోతాడు. ఇది చెప్పిన ఆదివారం మావాడు చాలాసేపు మాట్లాడలేదు. ‘డబ్బున్నోడు కదేటి, ఆలు అలగే సేత్తారు’ అన్నాడు చివరికి. వాడి గొంతులో ఉన్న బాధ కథ గురించి ఒక్కటే కాదని నాకు తెలుసు. రెండో పుస్తకంలో జాన్ మళ్ళీ వస్తాడు. మైకేల్‌కి గిలియన్ బారే సిండ్రోమ్ వచ్చి ఒళ్ళు కదలక మంచాన పడితే దగ్గరుండి చూసుకుంటాడు. అప్పుడు మావాడు జాన్‌ని పూర్తిగా క్షమించేశాడు. నేనూ క్షమించాను. కథలో మనిషిని పక్కన ఇంకొకరితో కలిసి క్షమించడంలో ఉన్న సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

ఆ రెండో పుస్తకంలోనే మైకేల్ వాళ్ళమ్మకి ఉత్తరం రాస్తాడు. ఫ్లోరిడాలో ఉన్న తల్లిదండ్రులు, తమ కొడుకు అలాంటివాడని తెలియక, గే మనుషులకి వ్యతిరేకంగా నడిచే ఉద్యమంలో చేరామని గొప్పగా రాస్తే, దానికి జవాబు అది. ఈ మొత్తం పుస్తకాల్లో అందరూ పొగిడేది ఆ ఉత్తరాన్నే, పొగడాల్సిందే. మాపిన్ అమ్మానాన్నలు వేరే రాష్ట్రంలో ఉన్నా క్రానికల్ తెప్పించుకునేవారట. అంటే మైకేల్ పేరు మీద ఆయన తన ఇంటికే ఉత్తరం వేశాడు, ఊరంతా చదివే పత్రికలో. దాన్ని తెలుగులో చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఎదురుగా అమ్మ లేకపోయినా, ‘అమ్మా’ అని మొదలుపెట్టగానే గొంతు పట్టేసింది. మావాడు అంతా విని, ‘మరి ఆలమ్మ ఏటన్నాది?’ అని అడిగాడు. వాడికి కావలసింది ఉత్తరం కాదు, జవాబు.

స్వలింగ సంబంధాల్ని నేరంగా చూసే సెక్షన్ 377 మీద, పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైతే నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక వచ్చిన ఆదివారం కథ జరగలేదు. 2013లో ఇదే కోర్టు ఆ సెక్షన్‌ని మళ్ళీ నిలబెట్టినప్పుడు పడ్డ భయం ఇద్దరికీ గుర్తుంది. ‘ఇకన పోలీసోడు అడిగితే ఇద్దరం స్నేహితులమని సెప్పక్కర్లేదా?’ అన్నాడు. తీర్పు వల్ల మా జీవితంలో వెంటనే మారినదేమీ లేదు. ఎంవీపీ కాలనీలో టూలెట్ బోర్డు చూసి అడిగితే బ్యాచిలర్లకి ఇవ్వమన్నారు, అంతకుముందూ అదే మాట. అందుకే అద్దెకున్నవాళ్ళని కన్నబిడ్డల్లా చూసుకునే బార్బరీ లేన్ ఇంటి యజమానురాలు మిసెస్ మాడ్రిగల్ మా ఇద్దరికీ మైకేల్ అమ్మ కన్నా దగ్గరిదయింది. ఆవిడ గతం తెలిశాక మావాడు ఆవిడ్ని ‘అమ్మగారు’ అనడం మొదలుపెట్టాడు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. షాపు మూసేశారు. వాడు ఊరెళ్ళిపోయాడు. మూడో పుస్తకం చివర్లో ఉన్నాం. జాన్, మైకేల్ అప్పటికి విడిపోయి ఉంటారు, అయినా ఇద్దరికీ మధ్య ప్రేమ ఉందని చదివేవాడికి తెలుస్తూనే ఉంటుంది. వాళ్ళు మళ్ళీ కలుస్తారని మావాడి పందెం. ఖాళీగా ఉన్నాను కాబట్టి నేను నాలుగోదానికి వెళ్ళాను. 1984లో వచ్చిన పుస్తకం అది, ఎయిడ్స్ గురించి మాట్లాడిన తొలి నవలల్లో ఒకటి. ఆ విషయం నాకు ముందే తెలుసు. మైకేల్‌కి ఏమవుతుందో అని వణుకుతూ తెరిచాను. జాన్ గురించి అసలు ఆలోచించలేదు.

ఆ పేజీ చదివాక వెనక్కి వెళ్ళి ఏదైనా అధ్యాయం వదిలేశానేమో అని చూశాను. ఫైలు సరిగా దిగలేదేమో అనుకున్నాను. మూడో పుస్తకం చివరి భాగం మళ్ళీ తిరగేశాను. మన సీరియల్స్‌లో అందరూ ఇష్టపడ్డ మనిషి చనిపోతే వారాల పాటు ఏడవడానికి సమయం ఇస్తారు. జబ్బు తెలుస్తుంది, దాచిపెడతారు, బయటపడుతుంది, క్షమాపణలు జరుగుతాయి. చదివేవాళ్ళు సిద్ధపడతారు. మాపిన్ నాకు ఆ వారాలు ఇవ్వలేదు. నేను ప్రేమించిన మనిషి పక్కన కాసేపు కూర్చోనివ్వలేదు.

మావాడు ఊరినుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు, ‘డాట్రుబాబు ఎలగున్నాడు?’ అని. బాగున్నాడని చెప్పేవాణ్ణి. నువ్వొచ్చాక చెబుతా, ఇంకా చదవలేదు అనేవాణ్ణి. ఆ కబురు ఫోన్‌లో చెప్పేది కాదు, బీచ్‌లో పక్కన కూర్చుని చెప్పాలనుకున్నాను.

2021 ఎండాకాలంలో వాడి ఫోన్ స్విచాఫ్ రావడం మొదలైంది. నంబరు మార్చాడనుకున్నాను. చాలా నెలల తర్వాత గాజువాక జంక్షన్‌లో వాడితో పనిచేసిన ఒకతను కనిపించాడు. ‘నీకు తెల్దేటి? ఆడు పోయి సాన్నాళ్ళైపోనాది’ అన్నాడు. కరోనా రెండో దఫాలో పోయాడట. పన్నెండో రోజు భోజనాలు కూడా పెద్దగా పెట్టలేదట, ఆ రోజుల్లో ఎవరు పెట్టారు. నాకు కబురు చెప్పాలని వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. తెలియడానికి నేనెవరిని? వాడి ఫోన్‌లో నా పేరు వేరే పేరుతో ఉండేది.

నాలుగో పుస్తకాన్ని ఆ తర్వాత మళ్ళీ చదివాను. జాన్ మీద, మైకేల్ మీద కాదు, రాసినవాడి మీద నా కోపం పోలేదు. పోవాలని కూడా అనుకోవడం లేదు. కానీ ఇప్పుడు ఆ కథలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఆ ఖాళీనే. మనలాంటివాళ్ళకి మరణవార్త అలాగే వస్తుంది. ఆసుపత్రి దగ్గర ఉండం, కాష్ఠం దగ్గర ఉండం, తర్వాతెప్పుడో ఎవరో రోడ్డు మీద ‘నీకు తెలియదా’ అంటారు. జాన్ ప్రాణం తీసిన ఎయిడ్స్ గురించి అమెరికాలో తొలి అధికారిక నివేదిక 1981 జూన్‌లో వచ్చింది. అంటే ఈ భాగం రాసేనాటికి రెండు మూడేళ్ళే. సిద్ధపడడానికి అక్కడ కూడా ఎవరికీ వారాలు దొరికి ఉండవు. పొద్దున్నే కాఫీతో సరదా సీరియల్ చదివేవాళ్ళకి ఆ కబురు అలా విసిరాడంటే ధైర్యవంతుడే. మొదటి మూడు పుస్తకాల్లో ఉన్న హాయి, చలాకీతనం మాత్రం నాకు మళ్ళీ దొరకలేదు. మళ్ళీ మొదటినుంచి చదివినా స్కేటింగ్ రింకు దగ్గర నవ్వు రావడం లేదు.

మిగతావాళ్ళ గురించి తొందరగా చెప్పేస్తాను. మొదట్లో బార్బరీ లేన్‌లో అద్దెకున్న మేరీ ఆన్ 1989 పుస్తకంలో టీవీ ఉద్యోగం కోసం మొగుణ్ణీ పెంచుకున్న పిల్లనీ వదిలి న్యూయార్క్ వెళ్ళిపోతుంది. చాలామందికి ఆమె మీద కోపం. నాకు లేదు. హెచ్‌ఐవీ ఉన్న మైకేల్ వేళ తప్పకుండా ఏజెడ్‌టీ మందు వేసుకోవడం కూడా ఆ పుస్తకంలో ఉంది. ఆ తర్వాత 18 ఏళ్ళు అతని కథ ఆగిపోయింది. అప్పటి పాఠకులు అతను పోయే ఉంటాడని అనుకుని ఉంటారు. 2007లో వచ్చిన పుస్తకానికి మాపిన్ ‘మైకేల్ టాలివర్ లివ్స్’ అని పేరు పెట్టాడు. అట్ట చూడగానే ఏడుపొచ్చింది. 1996 నుంచి వచ్చిన మందుల కలయిక వల్ల బతికినవాళ్ళలో అతనొకడు. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం ఆ మందులు ఉచితంగా ఇస్తోంది. విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో తీసుకుని ప్రతి రాత్రీ వేసుకుని ఆరోగ్యంగా ఉద్యోగం చేసుకుంటున్న మనిషి నాకు తెలుసు. అతనికి ఈ పుస్తకం కథ చెబితే మైకేల్ వయసెంత అని అడిగాడు. యాభై దాటాడని చెప్పాను. చాలా సంతోషించాడు.

ఆ పుస్తకాన్ని పొగిడి ఊరుకోవాలని ఉంది, కుదరదు. అందులో ఫ్లోరిడాలో తల్లి చావుబతుకుల్లో ఉంటుంది. ఇక్కడ మిసెస్ మాడ్రిగల్‌కి గుండెపోటు వస్తుంది. మైకేల్ తల్లిని వదిలి మాడ్రిగల్ దగ్గరికి వస్తాడు. మనసు ఎంచుకున్న కుటుంబం గొప్పదని చెప్పడం మాపిన్ ఉద్దేశం. అర్థమైంది. మావాడుంటే చప్పట్లు కొట్టేవాడేమో. నాకు మాత్రం మైకేల్ మీద మొదటిసారి మనసు విరిగింది. మా అమ్మకి డెబ్బై దాటాయి, మోకాళ్ళ నొప్పులు, నేనొక్కణ్ణే కొడుకుని. నా గురించి ఆవిడకి ఎంత తెలుసో నాకు తెలియదు. పెళ్ళి మాట ఎత్తడం మానేసి రెండేళ్ళు దాటింది. ఆవిడ మంచం పక్కన నుంచి నేను లేచి ఎక్కడికీ వెళ్ళలేను. ఆ తల్లి మైకేల్‌ని పెట్టిన బాధ మా అమ్మ నన్ను పెట్టలేదు కూడా. కాబట్టి ఈ విషయంలో నా మాట లెక్కలోకి తీసుకోవాలో వద్దో మీరే చూసుకోండి.

ఇవన్నీ చదవాలా అంటే, ఇంగ్లీషు మెల్లగా చదివేవాళ్ళు కూడా మొదటి రెండూ ధైర్యంగా మొదలుపెట్టొచ్చు. మాటలు ఎక్కువ, వర్ణన తక్కువ. అప్పటి అమెరికన్ టీవీ, పాటల పేర్లు తెలియకపోయినా నష్టం లేదు, నేను చాలావరకు దాటేశాను. రోజుకి కొంచెం చొప్పున చదవండి, ఒక్కసారి కూర్చుని లాగించేస్తే పాత్రలతో ఆ చనువు కుదరదు. 1989 నుంచి వచ్చినవి పత్రికకి రాసినవి కావు కాబట్టి ఆ ఆత్రం కొంత తగ్గుతుంది. ఈమధ్య ఎవరినైనా పోగొట్టుకుని ఉంటే నాలుగోది ఇప్పుడే వద్దు. వీలైతే ఎవరికైనా చెబుతూ చదవండి. ఈ నవలల్లోనే మోనా అనే పాత్ర మీద 2024లో వచ్చిన పుస్తకం నా ఫోన్‌లో ఉంది, ఇంకా తెరవలేదు. మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు, నేను బస్సులో ఏం చదువుతున్నానో రెండుసార్లు అడిగాడు. వాడికి మొదటి అధ్యాయం చెబుదామా అని ఆలోచిస్తున్నాను.