తిరగేసి చూడనిచ్చిన పీట: మిలాన్ ఫర్నిచర్ ప్రదర్శనలో ఒక శనివారం

మా నాన్న తణుకులో వడ్రంగి. కుర్చీ కొనేటప్పుడు ముందు దాన్ని తిరగేసి చూడమంటారు. పైన కనిపించేది పాలిష్ పని, చేసినవాడి చేతివాటం అడుగునే తెలుస్తుందని ఆయన నమ్మకం. మిలాన్‌లో చదువుకుంటున్న నేను 2025 ఏప్రిల్ 12న సలోనె దెల్ మోబిలె అనే ఫర్నిచర్ ప్రదర్శనకి వెళ్లినప్పుడు రోజంతా ఆ పనే చేద్దామనుకున్నాను.

1961లో మొదలైన ఈ ప్రదర్శన ఫర్నిచర్ వ్యాపారులకు ఏటా వచ్చే పెద్ద తిరునాళ్లు. ఆరు రోజులు జరుగుతుంది. 2025లో రెండు వేలకు పైగా కంపెనీలు వచ్చాయి, చూసినవాళ్లు మూడు లక్షలు దాటారు. మామూలు జనానికి మాత్రం శని, ఆదివారాలే. ఎర్ర లైను మెట్రోలో చివరి స్టేషన్ రో ఫియెరాలో దిగాలి. అది నగరం బయటి జోన్ కాబట్టి ఊళ్లో తిరిగే మామూలు టికెట్ చాలదు, ఎక్కేముందే చూసుకోండి. స్టేషన్ దాటితే వాస్తుశిల్పి మస్సిమిలియానో ఫుక్సాస్ రూపకల్పన చేసిన గాజు పందిరి కనిపిస్తుంది. కిలోమీటరుకు పైగా అలలు అలలుగా సాగే ఆ పందిరికి రెండు వైపులా హాళ్లు ఉంటాయి. మెత్తటి బూట్లు వేసుకోండి, మంచినీళ్ల సీసా వెంట ఉంచుకోండి.

ముందుగా పెద్ద కంపెనీల హాళ్లకు వెళ్లి పొరపాటు చేశాను. అక్కడివి స్టాళ్లు అనడం కన్నా ఇళ్లు అనాలి. చుట్టూ గోడలు, ముందు ఒక కౌంటరు. ఒకచోట విజిటింగ్ కార్డు అడిగారు. విద్యార్థినని చెబితే లోపలికి పంపడం కుదరదన్నారు. ఇంకోచోట భోజనాల బల్ల అంచు కింద చేయి పెట్టి చూస్తుంటే, దయచేసి ముట్టుకోవద్దన్నారు. ధర ఎక్కడా రాసి ఉండదు. టికెట్ కొనుక్కుని రమ్మని జనాన్ని పిలిచిన రోజున ఇలా చేయడం నాకు బాధ కలిగించింది. కూర్చోకుండా కుర్చీ గురించి ఏం తెలుస్తుంది? కూర్చోనిచ్చిన చోట్లూ ఉన్నాయి. ఒక తోలు సోఫాలో వెన్ను ఆనించగానే, పొద్దుటి నుంచి పడిన నొప్పంతా దిగిపోయింది. ఆ సోఫా నిజంగా మంచిది.

ఇందులోనే భాగమైన దీపాల ప్రదర్శన యూరోలూచె రెండేళ్లకు ఒకసారి, బేసి సంవత్సరాల్లో వస్తుంది. సరి సంవత్సరాల్లో వంటగదుల ప్రదర్శన ఉంటుంది. దీపాలు అందంగానే ఉన్నాయి కానీ, పక్క స్టాలు వెలుగు వచ్చి పడుతుంటే ఏ దీపం ఎంత వెలుగిస్తుందో తెలియలేదు. ఛార్జింగ్ పెట్టి బల్ల మీద ఉంచుకునే చిన్న దీపాలు మాత్రం అడుగడుగునా కనిపించాయి.

మధ్యాహ్నం రెండింటికి సలోనె సాటెల్లితెలో అడుగుపెట్టాక గాని నేను వచ్చిన పని మొదలుకాలేదు. 35 ఏళ్ల లోపు డిజైనర్ల కోసం మార్వా గ్రిఫిన్ 1998లో ప్రారంభించిన విభాగం ఇది. ఆ ఏడాది వాళ్లకిచ్చిన అంశం కొత్త హస్తకళ. చిన్న చిన్న స్టాళ్లలో, చేసిన వస్తువు పక్కనే చేసిన మనిషి నిలబడి ఉన్నాడు. తిరగేసి చూడొచ్చా అని అడిగితే మొహం విప్పారుతుంది.

ఒక జపాన్ కుర్రాడి పీట దగ్గర అరగంట పైగా ఉండిపోయాను. తెల్లటి యాష్ చెక్కతో చేసిన గుండ్రటి పీట, మూడు కాళ్లు, ఒక్క మేకు లేదు. కాళ్ల కొనలు పీటలో తొలిచిన కన్నాల గుండా పైదాకా వచ్చాయి. ప్రతి కొన మధ్యలో, కాలు బిగియడానికి దిగగొట్టిన నల్లటి అక్రోటు చెక్క చీల ఒకటి సన్నటి గీతలా కనిపిస్తోంది. వేలితో నిమిరితే కాలెక్కడ ఆగిందో, పీటెక్కడ మొదలైందో తెలియలేదు. కింద కాళ్ల లోపలి వైపు చిత్రిక పట్టిన జాడలు అలాగే ఉన్నాయి. అవి కావాలనే వదిలేశానని అతను చెప్పాడు.

ఫోటో తీసి నాన్నకు పంపాను. అప్పటికి మన దగ్గర సాయంత్రం ఆరు దాటింది. వెంటనే ఫోన్ చేశారు.

"అమ్మా, ఆ మూడు చీలలు ఎటు తిరిగి ఉన్నాయో చూడు. కాళ్లు మూడు వైపులకు ఉన్నా చీలలన్నీ ఒకే వైపుకు ఉన్నాయి కదా?"

నిజమే. అరగంట చూసినా అది నా కంటికి ఆనలేదు.

"పీట చెక్క చారలకు అడ్డంగా దిగగొట్టాడమ్మా. చారల వెంట దిగగొడితే పీట నిలువునా చీలిపోతుంది. ఆ అబ్బాయికి పని వచ్చు. చెప్పు అతనికి."

చెప్పాను. అతను నాన్న ఫోటో చూపించమని అడిగాడు. దుకాణంలో రంపం పక్కన నిలబడిన ఫోటో చూపిస్తే, తల వంచి నమస్కరించాడు.

మీరు వెళ్తే ఉదయం తొమ్మిదిన్నరకు గేటు తెరవగానే సాటెల్లితెకే వెళ్లండి. కాళ్లలో సత్తువ ఉండగా చూడాల్సింది అదే. మిగతా హాళ్లు చూడకపోయినా పెద్ద లోటు లేదు. ఆదివారం ఊరికి వదిలేయండి, ఆ వారమంతా మిలాన్ దుకాణాలూ ఇళ్ల ముంగిళ్లూ ప్రదర్శనలుగా మారిపోతాయి.

నేను ఆదివారం ఊళ్లో ఒక దుకాణంలో సూపర్‌లెగ్గెరా చూశాను. ఇటలీ డిజైనర్ జియో పోంతి రూపకల్పన చేయగా, కస్సీనా కంపెనీ 1957 నుంచి తయారు చేస్తున్న కుర్చీ అది. యాష్ చెక్క, పేముతో అల్లిన సీటు, బరువు 1.7 కిలోలు. ఎత్తి చూడొచ్చా అని అడిగాను. ఎత్తండి అంది అక్కడి ఆవిడ. ఒక్క వేలితో లేచింది. తిరగేసి చూస్తానంటే ఆవిడే కుర్చీని తలకిందులు చేసి, నేను కాళ్ల అతుకులు చూసినంత సేపూ పట్టుకుని నిలబడింది.