రాయి లేని గాల్ బ్లాడర్: రెండేళ్ల నాలుగు నెలల తర్వాత నా లెక్క

గాల్ బ్లాడర్ తీయించుకుని రెండేళ్ల నాలుగు నెలలైంది. అందులో రాళ్లు లేవు. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. "రాయి లేనప్పుడు తీసేసేదేందమ్మే?" అని అడగని చుట్టం మాకు లేదు. ఒక్కొక్కరికీ మొదటినుంచీ చెప్పి చెప్పి నోరు నొచ్చింది, అందుకని అంతా ఒకచోట రాసిపెడుతున్నా. నేను చిత్తూరులో హైస్కూల్లో లెక్కల టీచర్ని. మార్కులు వెయ్యకుండా ఉండలేను, ఓర్చుకోండి.

మొదటి నొప్పి పలమనేరులో ఒక పెళ్లికి పోయినప్పుడు వచ్చింది. మధ్యాహ్నం నెయ్యి పోసుకుని రెండు ఓళిగలు, సాయంత్రం బోండాలు, రాత్రి మళ్లీ విందు. పదకొండు గంటలప్పుడు రొమ్ము ఎముక కింద, కాస్త కుడిపక్కగా, ఎవరో పిడికిలి పెట్టి లోపలికి ఒత్తుతున్నట్టు మొదలైంది. పది నిమిషాల్లో పెరిగింది. పెరిగి అక్కడే నిలబడింది. వస్తూ పోతూ ఉండే మెలిపెట్టే నొప్పి కాదు. వీపులో కుడి రెక్క కిందికి లాగింది. పడుకున్నా అంతే, లేచి తిరిగినా అంతే. రెండుసార్లు దొడ్డికి పోయొచ్చినా మార్పు లేదు. నిమ్మకాయ సోడా తాగినా తేన్పు వచ్చిందే గాని నొప్పి కదల్లేదు. గంటన్నర తర్వాత ఎట్లొచ్చిందో అట్లే పోయింది. తెల్లారి ఇడ్లీలు తిని బస్సెక్కినాను.

"పైత్యం చేసింటాది" అని మా అత్త శొంఠి కాఫీ పెట్టిచ్చింది. తర్వాత తెలిసింది, ఆమె మాట పూర్తిగా తప్పేమీ కాదని. పైత్యరసం దాచుకునే సంచితోనే కదా గొడవ. కాకపోతే తెలుగులో పైత్యమంటే వికారం మొదలుకొని పిచ్చి దాకా అన్నీ వస్తాయి. మా ఆయన ఆ రెండో అర్థమే పట్టుకున్నాడు.

తర్వాతి ఎనిమిది నెలలు గ్యాస్ మాత్రల కాలం. ముందు ఈసీజీ తీసినారు, గుండె బాగుందన్నారు. నలభై దాటినవాళ్లకు పైకడుపు నొప్పి వస్తే ముందు అది చూడడం సరైన పనే, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. పొట్ట స్కానింగ్ రెండుసార్లు తీసినారు, రెండుసార్లూ నార్మల్. ఎండోస్కోపీలో జీర్ణాశయం కొంచెం ఎర్రగా ఉందన్నారు. కడుపులో పుండ్లు తెచ్చే హెచ్.పైలోరీ బాక్టీరియా లేదు. పరగడుపున వేసుకునే మాత్రతో ఛాతీలో మంట తగ్గింది. ఆ నొప్పి మాత్రం తగ్గలేదు. ఇవి రెండూ వేర్వేరు అని అప్పుడు నాకు తట్టలేదు, నన్ను చూసినవాళ్లకూ తట్టలేదు. ఒకాయన రిపోర్టులు మడిచిపెట్టి, "స్కానింగ్‌లో ఏమీ లేదమ్మా, పిల్లకాయలతో అరిచి అరిచి టెన్షన్ పెట్టుకున్నట్టుండావు" అన్నాడు. మొత్తం మీద ఈ దశకు పదికి రెండు మార్కులు. ఆ రెండూ ఈసీజీకి.

దారి తిప్పింది తిరుపతిలో ఒక డాక్టరమ్మ. ఆమె రిపోర్టులు పక్కన పెట్టేసి అడిగిన మొదటి ప్రశ్న: "నొప్పి వస్తే ఎంతసేపు ఉంటాది?" నేను "చాలాసేపు" అన్నాను. "లెక్కల టీచరమ్మా, చాలాసేపంటే ఎన్ని నిమిషాలు?" నాకు సిగ్గేసింది. ఆ పూటే ఒక నోటుపుస్తకం కొన్నాను. తేదీ, మొదలైన టైము, ఆగిన టైము, ముందు పూట ఏం తిన్నాను, దొడ్డికి పోతే తగ్గిందా, భంగిమ మారిస్తే తగ్గిందా, గ్యాస్ మాత్రకు తగ్గిందా, ఆ రోజు బడికి పోగలిగానా. ఆరు నెలల్లో ఏడుసార్లు వచ్చింది. అన్నిటికంటే చిన్నది 40 నిమిషాలు, పెద్దది దాదాపు మూడు గంటలు. రోజూ రాదు, లెక్క ప్రకారం రాదు. ఒకసారి నాలుగు రోజులకే, ఇంకోసారి యాభై రోజులకు. ఏడింట్లో ఐదు కొవ్వున్న తిండి తర్వాత రాత్రి పూట వచ్చినవే. ఉబ్బరం మాత్రం ఇంచుమించు రోజూ ఉండేది. దానికి వేరే కాలమ్ గీసినాను.

ఆ ప్రశ్నలు ఆమె తనంతట కల్పించుకున్నవి కావని తర్వాత తెలిసింది. పొట్ట, పేగుల జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే రోమ్ 4 ప్రమాణాలు 2016లో వచ్చినాయి, వాటిలో పిత్తాశయం (అదే, గాల్ బ్లాడర్) నొప్పి అంటే ఏమిటో ఉంది: పైకడుపులో గాని కుడిపక్క పక్కటెముకల కింద గాని రావాలి, పెరిగి నిలకడగా ఉండాలి, అరగంటైనా ఉండాలి, రోజూ కాకుండా అప్పుడప్పుడు రావాలి, పని ఆపేసేంత లేదా ఆస్పత్రికి పరిగెత్తేంత గట్టిగా ఉండాలి. మలవిసర్జనతో గాని, అటూ ఇటూ తిరిగి పడుకోవడంతో గాని, ఎసిడిటీ మందుతో గాని పెద్దగా తగ్గకూడదు. నా నోటుపుస్తకం దీనికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. నన్నడిగితే మొత్తం ఖర్చులో బాగా పనికొచ్చింది ఆ ముప్పై రూపాయల పుస్తకమే. పదికి పది.

ఇంతకూ ఏం జరుగుతుందంటే, కాలేయం పైత్యరసాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. భోజనాల మధ్య దాన్ని చిక్కగా చేసి 30 నుంచి 50 మిల్లీలీటర్ల దాకా ఈ సంచి దాచుకుంటుంది. నెయ్యి, నూనె పేగు మొదట్లోకి చేరగానే అక్కణ్ణుంచి కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను బయల్దేరుతుంది. సంచి పిండుకుంటుంది, కింద ఉన్న కవాటం వదులవుతుంది, రసం పేగులోకి పడుతుంది. కొందరిలో సంచి సరిగ్గా పిండుకోదు, దాన్నే ఫంక్షనల్ గాల్ బ్లాడర్ డిజార్డర్ అంటారు. రాయి ఉండదు, స్కానింగ్‌కు అందే వాపు ఉండదు, బొమ్మ చక్కగా ఉంటుంది. ఆగి ఉన్న బస్సు ఫొటో తీస్తే ఇంజను పనిచేస్తుందో లేదో తెలుస్తుందా మరి?

అందుకే సంచి ఎంత పిండుకుంటుందో కొలిచే హైడా స్కాన్. దానికి ముందు ఇంకో మెట్టు ఉంది, దాన్ని దాటేయకండి. కాలేయం పరీక్షలు, లైపేజ్ (క్లోమం బాగుందా అని చూసే రక్తపరీక్ష), షుగర్ చూసినారు. మూడు మిల్లీమీటర్ల లోపు రాళ్లు, బురదలాంటి పేరుకుపోయిన పైత్యం మామూలు స్కానింగ్‌కు చిక్కకపోవచ్చునని, నోట్లోంచి గొట్టం దించి లోపలినుంచి తీసే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ కూడా చేసినారు. అన్నీ నార్మల్. అన్నీ నార్మల్‌గా ఉంటేనే ఈ జబ్బు పేరు ఎత్తాలట. నార్మల్ అన్న మాట విని నేను సంతోషించిన ఒకే ఒక్కసారి అది.

హైడా స్కాన్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, దీని గురించి తెలుగులో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. చేతి నరంలోకి టెక్నీషియం కలిపిన మెబ్రోఫెనిన్ అనే మందు ఎక్కిస్తారు. అందులోని రేడియోధార్మికత ఆరు గంటలకు సగమవుతుంది. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చేవాళ్లు ముందే చెప్పాలి. గామా కెమెరా కింద కదలకుండా పడుకోవాలి. మందు కాలేయం పట్టుకుని పైత్యరసంలోకి వదులుతుంది, గంటలోపు సంచి తెల్లగా నిండడం తెరమీద కనిపిస్తుంది. అప్పుడు సంచిని పిండించాలి. అమెరికాలో దానికి సింకలైడ్ అనే ఇంజెక్షను గంటసేపు మెల్లగా ఎక్కిస్తారు. మన దగ్గర అది అన్నిచోట్లా దొరకదు, కొవ్వున్న ఆహారమే పెడతారు. నాకు చిక్కటి పాలు, వెన్న రాసిన బ్రెడ్డు. సంచి నిండినప్పుడు ఎంత కౌంటు (కెమెరాకు అందిన రేడియేషన్ లెక్క), ఖాళీ అయ్యాక ఎంత కౌంటు. తేడాను మొదటిదానితో భాగించి నూరుతో గుణించడం. ఏడో తరగతి లెక్క. దానికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని పెద్ద పేరు.

నాకు మొదటిసారి 16 శాతం వచ్చింది. ఎగిరి గంతేసినంత పని చేసినాను, దొరికింది దొంగ అని. డాక్టరమ్మ మాత్రం సంతోషపడలేదు. "ముందు రోజు ఏమైనా మాత్ర వేసుకున్నావా?" రాత్రి నొప్పొస్తే కడుపునొప్పి మాత్ర వేసుకున్నాను. పేగు కండరాలను వదులు చేసే ఆ మాత్రలు ఈ సంచిని కూడా వదులు చేస్తాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులైతే ఇంకా చెడ్డవి. స్కాన్‌కు ముందు వాటిని ఆపమని చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, అడగాలని నాకు తెలీదు. కనీసం నాలుగు గంటలైనా పరగడుపుతో ఉండాలి గాని, శనివారం ఒంటిపూట, సోమవారం ఉపవాసం అని రోజుకు మించి పస్తున్నా లెక్క తప్పుతుంది. మూడు వారాల తర్వాత మళ్లీ చేయించినారు. ఈసారి 29. రెండోసారి కూడా జేబులోంచే పోయింది, అది వేరే ఏడుపు.

"29 అంటే తప్పినట్టేనా?" అని అడిగినాను. ఆమె చెప్పింది నాకు బాగా నచ్చింది. 38 శాతం కంటే తక్కువైతే తక్కువని అందరూ అనే గీత, గంటసేపు సింకలైడ్ ఎక్కించే పద్ధతికి గీసినది. పాలూ వెన్నా పెట్టి చేస్తే, ఏం పెట్టారు, ఎంత పెట్టారు అన్నదాన్ని బట్టి గీత మారుతుంది. పైగా ఏ నొప్పీ లేనివాళ్లలోనూ ఈ అంకె తక్కువగా రావచ్చు, షుగర్ ఉన్నవాళ్లకు రావచ్చు, పేగు జబ్బులున్నవాళ్లకు రావచ్చు. "స్కాన్ నీ పుస్తకానికి సాక్షి అంతే, జడ్జి కాదు." స్కాన్‌కు పదికి ఆరు.

వెంటనే కోయమని ఆమె అనలేదు. రాయి లేదు కాబట్టి అది జారి నాళంలో అడ్డం పడుతుందన్న భయం లేదు, కొందరిలో ఈ నొప్పి దానంతట అదే తగ్గిపోతుంది కూడా, మూడు నాలుగు నెలలు చూద్దామంది. జ్వరం, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు వస్తే మాత్రం ఆ లెక్కలన్నీ పక్కన పెట్టి పరిగెత్తుకు రమ్మంది. (ఐసీయూల్లో ఉన్నవాళ్లకు రాళ్లు లేకుండానే గాల్ బ్లాడర్ వాచిపోయే ప్రమాదకరమైన జబ్బు ఒకటుంది. మా తమ్ముడు ఇంటర్నెట్‌లో అది చదివి నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసినాడు. అది వేరు, ఇది వేరు.)

ఆ నాలుగు నెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకున్నాను. నా పుస్తకంలో తేడా కనపడలేదు. ఈ జబ్బుకు దానికి గట్టి ఆధారం లేదని ఆమె ముందే చెప్పింది కాబట్టి మోసపోయినట్టు అనిపించలేదు. పథ్యం కొంచెం మేలు. రాగి సంగటి, పులుసుకూర, పలచటి మజ్జిగ. చెనిక్కాయల ఊరిబిండి మానడం కష్టమైంది. తిరుమల లడ్డు చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది పక్కింటికి పంపేదాన్ని. నొప్పులు తగ్గినాయి గాని పోలేదు, నాలుగు నెలల్లో మూడు. మూడోది పదో తరగతి పరీక్షల డ్యూటీలో వచ్చింది. హాలు మధ్యలో కుర్చీలో ముడుచుకు కూర్చుంటే పిల్లలు రాయడం ఆపి నన్నే చూస్తున్నారు. ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మా అమ్మకు నచ్చజెప్పడమే పెద్ద పని. "ఒక అవయవం తీసేస్తే ఎట్లమ్మే బతికేది? పుత్తూరు కట్టు మాదిరి దీనికి కట్టు లేదా?" అంది. 1882లోనే బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే సర్జన్ మొదటిసారి తీసినాడు, అప్పట్నుంచీ జనం బతుకుతూనే ఉన్నారు అని చెప్పినాను. ఆమెకు బెర్లిన్ మీద నమ్మకం కుదరలేదు. ఇన్సూరెన్స్ వాళ్లకూ నామీద కుదరలేదు. స్కానింగ్ నార్మలైతే ఆపరేషన్ ఎందుకని రెండుసార్లు కాగితం తిప్పి పంపినారు. నోటుపుస్తకం పేజీలన్నీ జిరాక్స్ తీసి, హైడా రిపోర్టులు రెండూ జత చేసి, డాక్టరమ్మతో ఉత్తరం రాయించుకుంటే గాని కదల్లేదు.

ఆపరేషన్ గురించి చెప్పేది తక్కువే. పొట్టమీద నాలుగు చిన్న రంధ్రాలు, మర్నాడు ఇంటికి. కోతల నొప్పికంటే భుజం నొప్పే ఎక్కువ బాధపెట్టింది. పొట్ట ఉబ్బించడానికి నింపిన గ్యాస్ వల్ల వస్తుందట, మూడు రోజుల్లో పోయింది. తీసిన సంచిని పరీక్షకు పంపితే దీర్ఘకాలపు వాపు గుర్తులు, గోడలో కొలెస్టరాల్ చారలు ఉన్నాయని వచ్చింది. ఆ కాగితం చుట్టాలందరికీ చూపించినాను.

ఇక అసలు సంగతి, ఆపరేషన్ తర్వాత ఎట్లుందన్నది. ఆ నొప్పి ఈ రెండేళ్ల నాలుగు నెలల్లో ఒక్కసారీ రాలేదు. ఐదో నెలలో ఒక రాత్రి వచ్చినట్టే అనిపించి చెమటలు పట్టినాయి, ఇరవై నిమిషాల్లో తేన్పులతో పోయింది. మొదటి రెండు నెలలు మాత్రం తిన్న అరగంటకు దొడ్డికి పరుగు. దాచుకునే సంచి లేదు కాబట్టి పైత్యరసం ఎప్పటికప్పుడు పేగులోకి కారుతుంటుంది, అది పెద్దపేగును తడుతుంది. పైత్యరసాన్ని పట్టేసుకునే కోలెస్టిరమైన్ పొడి నీళ్లలో కలుపుకుని తాగమన్నారు. ఇసుక తాగినట్టుంటుంది, కానీ పనిచేసింది. వేరే మాత్రలకూ దానికీ మధ్య కొన్ని గంటల ఎడం ఇవ్వాలి, లేకపోతే వాటిని కూడా పట్టేసుకుంటుంది. ఇప్పుడు పొడి అక్కర్లేదు. ఖాళీ కడుపుతో ఒకేసారి నెయ్యి దోశ తిని వేలూరు బస్సెక్కే సాహసం మాత్రం చెయ్యను.

ఉబ్బరం? పోలేదు. ఛాతీమంట? అప్పుడప్పుడు ఉంది. పితికిపప్పు కాలం వచ్చిందంటే పొట్ట డప్పే. వేరే కాలమ్‌లో రాసుకున్నవన్నీ ఆ కాలమ్‌లోనే మిగిలినాయి. ఇది ఆపరేషన్ తప్పు కాదు, దాన్నుంచి అది ఆశించకూడదంతే. పుత్తూరులో మా వదినకు రోజూ ఉబ్బరం, వికారం. విడిగా వచ్చే గట్టి నొప్పి ఎప్పుడూ లేదు. ఆమెకూ హైడాలో అంకె తక్కువ వచ్చింది, నన్ను చూసి తానూ తీయించుకుంది. సంవత్సరమైంది, ఉబ్బరం ఉబ్బరంగానే ఉంది, ఫోన్ చేసినప్పుడల్లా "నీ మాట విని" అంటుంది. నేను తీయించుకోమనలేదు. వద్దని గట్టిగా అనలేదు కూడా, అది నా తప్పే. నా ఆపరేషన్‌కు పదికి తొమ్మిది, ఆమెదానికి రెండు. సర్జరీ ఒకటే, మొదట చెప్పుకున్న బాధలే వేరు.

ఉబ్బరానికి ఇప్పుడు మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే పోతున్నా. ముందు మూడు వారాలు పాలు, పెరుగు ఆపి చూడమంది. పాలు ఆపేసినాను. పెరుగు రెండో రోజే తినేసినాను, పుస్తకంలో రాసుకున్నాను కూడా.