గల్ఫ్‌కు టికెట్ కొంటున్న కోనసీమ వాళ్లకు: ఆ ‘అరగంట’ లెక్క నమ్మకండి

మా తమ్ముడు దుబాయ్‌లో పనిచేస్తాడు. సెలవు అయిపోయి తిరిగి వెళ్లడానికి అమలాపురంలోనే ఒక ట్రావెల్స్‌లో టికెట్ తీసుకున్నాం. పేరు రాయను. ఇలాంటి లెక్కలు చెప్పేది ఆయనొక్కడే అనుకోను.

ఆయన కాగితం మీద రాసిచ్చింది ఇది: మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి శంషాబాద్ 360 కిలోమీటర్లు, అరగంట. అక్కడ సాయంత్రం 5:00కి ఎక్కితే 7:15కి దుబాయ్, అంటే రెండుంపావు గంటలు. ‘ఆయ్, మొత్తం కలిపినా మూడు గంటలు లేదండీ, వైజాగ్ వెళ్లినంతసేపు కూడా కాదు’ అన్నాడు. నవ్వుకుంటూ డబ్బు కట్టేశాం.

దూరం సరిగ్గానే చెప్పాడు. దాన్ని పెద్ద జెట్ వేగంతో భాగించాడు, తప్పు అక్కడుంది. మాకు వచ్చింది పంకాలు తిరిగే చిన్న విమానం, ఏటీఆర్. గంటకు 500 కిలోమీటర్లు పోతే గొప్ప. పైకి లేవడం, దిగడం, రన్‌వే దాకా పాకడం అన్నీ కలిపి టికెట్‌లో గంటంపావు ఉంది. ఆ టికెట్ మా చేతికి వచ్చింది ముందురోజు రాత్రి. ఇక దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక. అక్కడ 7:15 అంటే ఇక్కడ 8:45, ప్రయాణం మూడుంముప్పావు గంటలు. సుమారు 2,550 కిలోమీటర్లను రెండుంపావు గంటల్లో దాటించే ప్రయాణికుల విమానం ఏదో ఆయననే అడగాలి.

ఇంతవరకైతే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. కొంప ముంచింది రెండు టికెట్లూ విడివిడిగా, వేర్వేరు పీఎన్ఆర్‌లతో (బుకింగ్ నంబర్లతో) తీయడం. మధురపూడి కౌంటర్‌లో సామాను తూకం 27 కిలోలు చూపించింది. దుబాయ్ టికెట్‌కు 30 ఉన్నా దేశీయ టికెట్‌కు 15 కిలోలే. మా అమ్మ తాడు కట్టిన అట్టపెట్టెను అక్కడే నేలమీద విప్పాం. ఆవకాయ సీసాలు, ఆత్రేయపురం పూతరేకులు నా ఒళ్లోకి వచ్చాయి. మిగిలినదానికి అదనపు రుసుము కట్టాం.

2:00కి ఎగరాల్సిన విమానం వానతో 35 నిమిషాలు ఆలస్యమైంది. శంషాబాద్‌లో సామాను తీసుకుని, బయటకు వచ్చి, మళ్లీ పైకెక్కి లైనులో నిలబడేసరికి 4:20. కౌంటర్ గంట ముందే, 4:00కే మూసేశారు. రెండో విమానం వాళ్ల లెక్కలో తమ్ముడు ‘రాని ప్రయాణికుడు’. పైసా తిరిగి రాలేదు. మర్నాటి టికెట్‌కు 24,000 రూపాయలు పెట్టాం. ట్రావెల్స్ ఆయన మాత్రం ‘వాన పడితే నేనేం చేస్తానండీ’ అన్నాడు.

డబ్బు కట్టకముందే టికెట్ చూపించమనండి. అంతా ఒకే పీఎన్ఆర్‌లో ఉందా, సామాను నేరుగా దుబాయ్ దాకా వెళ్తుందా అని అడగండి. విడివిడి టికెట్లే అయితే ముందురోజు రాత్రే రాజమండ్రిలో రైలెక్కేయడం నయం. ఎలాగూ అమలాపురం నుంచి మధురపూడికి సుమారు 80 కిలోమీటర్లు, రావులపాలెం మీదుగా రెండు గంటల పైనే. ఆయన కాగితంలో అదీ లేదు.